ఫోనుకి రోమింగ్ పోయింది, మనిషికి పోలేదు

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్లది ఆంధ్రలో శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. ఒకరోజు పొద్దున్నే వాచ్‌మన్ భార్య సంచీ పట్టుకుని గేటు దాటుతుంటే ఎక్కడికమ్మా అని అడిగాను. "కోటా బియ్యానికి బాబూ" అంది. మీ కార్డు ఊళ్లో ఉంది కదా అంటే, "కార్డు ఊర్లోనే ఉన్నాది బాబూ, ఇక్కడ రోమింగులో తెచ్చుకుంతన్నాం" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మాట ఆవిడ సొంతంగా పుట్టించిందో, రేషన్ షాపు లైన్లో విని పట్టుకుందో తెలీదు. ప్రభుత్వం ఆ పథకానికి పెట్టిన పేరు వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్. వినడానికి ఎన్నికల నినాదంలా ఉంటుంది తప్ప, అది ఏం చేస్తుందో దాన్నిబట్టి ఎవరికీ తెలీదు. ఆవిడ చెప్పిన పేరులో పథకమంతా ఉంది. ఖాతా ఒకచోట, వాడకం ఇంకోచోట, లెక్కలు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.

ఫోనుకి రోమింగ్ చార్జీలు పోయి చాలాకాలమైంది. ఆ ఫోను జేబులో వేసుకుని పనికోసం రాష్ట్రం దాటిన మనిషి మాత్రం ఇంకా రోమింగ్‌లోనే ఉన్నాడు, అడుగడుగునా చార్జీ కడుతూనే ఉన్నాడు. బియ్యం విషయంలో సగం తప్పించుకున్నాడు. మిగతావాటిలో లేదు. ఇది ఇలా ఉండక్కర్లేదని నా అభిప్రాయం. దీనికి ఎదురు వాదనలు ఉన్నాయని తెలుసు. వాటిలో ఒకటి మాత్రం నాకింకా మింగుడుపడటం లేదు.

సిగ్నల్ పక్కన ఆర్ అక్షరం

ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు గానీ, అప్పట్లో ఫోన్ తెరమీద సిగ్నల్ గీతల పక్కన ఆర్ అక్షరం కనబడగానే గుండె కాస్త వేగంగా కొట్టుకునేది. నేను పుణెలో ఉద్యోగం చేసిన రోజులవి. ఊళ్లో కొన్న సిమ్ మార్చడానికి మనసొప్పేది కాదు, బంధువులందరి దగ్గరా అదే నంబరు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది కానీ అది సొంత సర్కిల్లో, అంటే దాదాపు సొంత రాష్ట్రంలో, ఉన్నంతవరకే. సర్కిల్ దాటితే ఎవరు ఫోన్ చేసినా మనకే ఖర్చు. అమ్మ ఫోన్ చేసి ముందు "రోమింగా?" అని అడిగేది, అవునంటే బాగున్నావు కదా అని పెట్టేసేది. నాన్న అసలు మాట్లాడేవాడే కాదు, మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక రింగు అంటే అంతా క్షేమం, రెండు రింగులైతే బూత్‌కి వెళ్లి ఫోన్ చెయ్యమని.

అదే రోమింగ్ కొంతమందికి రక్ష కూడా. అప్పులవాడు ఫోన్ చేస్తే "రోమింగ్‌లో ఉన్నానండీ, వచ్చాక మాట్లాడతా" అని కూకట్‌పల్లిలో కూర్చుని చెప్పినవాళ్లని నేను చూశాను. సంబంధం ఇష్టంలేని పెళ్లికొడుకులు, టార్గెట్ పూర్తికాని మెడికల్ రెప్పులు, అందరికీ అదే సాకు. ఇంకోవైపు సూళ్లూరుపేట, కుప్పం, ఇచ్ఛాపురం లాంటి సరిహద్దు ఊళ్లవాళ్ల బాధ వేరు. పక్క రాష్ట్రం టవరు సిగ్నల్ బలంగా ఉంటే ఫోను దాన్నే పట్టుకునేది. ఇంట్లో మంచం మీద కూర్చునే రోమింగ్ చార్జీ కట్టినవాళ్లున్నారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో రోమింగ్ ఇన్‌కమింగ్‌ని నిమిషానికి 75 పైసలకి దించింది, 2015లో 45 పైసలకి. 2016 సెప్టెంబర్లో జియో వచ్చి దేశంలో ఎక్కడున్నా ఒకటే రేటు అంది. మరుసటి ఏడాదికి మిగతా పెద్ద కంపెనీలూ అదే దారికొచ్చాయి. ఒకప్పుడు కుటుంబాల మాటల్ని నిమిషాల్లో కొలిచిన ఆ చార్జీ ఎలా వచ్చిందో తెలుసు గానీ, ఎలా పోయిందో ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు ఆ మాట విదేశీ ప్రయాణాల దగ్గర, సెట్టింగ్స్‌లో ఒక మూల, ఇంకా "మావాడా, రోమింగ్‌లో ఉన్నాడు" అని కొడుకు గురించి విసుక్కునే తండ్రుల నోట మిగిలింది.

లెక్క ఎవరు చూసుకోవాలి

ఈ చార్జీ పోవడం వెనక ఉన్న ఏర్పాటు చూస్తే నా వాదన అర్థమవుతుంది. మన సిమ్‌కి సంబంధించిన వివరాలన్నీ సొంత నెట్‌వర్క్‌లో ఒక రిజిస్టర్‌లో ఉంటాయి. మనం చెన్నైలో దిగి ఫోన్ ఆన్ చేస్తే అక్కడి నెట్‌వర్క్ తన దగ్గరున్న అతిథుల రిజిస్టర్‌లో మన పేరు రాసుకుంటుంది, సొంత నెట్‌వర్క్‌ని అడిగి ఈయన మీవాడేనా, ఏమేం వాడుకోవచ్చు అని తెలుసుకుంటుంది. సొంత నెట్‌వర్క్ మనం ఫలానాచోట ఉన్నామని నోట్ చేసుకుంటుంది. నెలాఖరుకి కంపెనీలు లెక్కలు తేల్చుకుంటాయి. ఇందులో మనం చేసిన పని ఫోన్ ఆన్ చెయ్యడం ఒక్కటే. ఏ టవరు దగ్గరా ఎవరూ నివాస ధ్రువపత్రం, రెండు పాస్‌పోర్ట్ సైజ్ ఫొటోలు, గెజిటెడ్ సంతకం అడగలేదు.

రేషన్‌లో జరిగిందీ అదే. 2019 ఆగస్టులో దేశంలో మొట్టమొదట రెండు జంటల రాష్ట్రాల మధ్య ఇది మొదలైంది. ఒక జంట గుజరాత్, మహారాష్ట్ర. రెండోది మనదే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. విడిపోయి అప్పటికి అయిదేళ్లు. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర, ఉద్యోగుల దగ్గర ఒక్క ఫైలూ కదలని రోజుల్లో బియ్యం మాత్రం సరిహద్దు దాటింది. చివరికి 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా అయింది. కార్డులో ఉన్నవాళ్లలో కొందరు ఇక్కడ కొంత, ఊళ్లో ఉన్నవాళ్లు అక్కడ మిగతాది తీసుకునే వీలు కూడా ఉంది. మా వాచ్‌మన్ అమ్మానాన్నలు టెక్కలి దగ్గర తమ వాటా తీసుకుంటే, వీళ్లు ఇక్కడ తమది తీసుకుంటారు.

కాకపోతే వాచ్‌మన్ భార్య సంచీ ఆ రోజు ఖాళీగానే తిరిగొచ్చింది. డీలర్ ఏమన్నాడంటే, "ఆంధ్రా కార్డా? పదో తారీకు దాటినంక రా అమ్మా, స్టాకుంటే ఇస్త." ఆయన మీద నాకు కోపం రాలేదు. షాపుకొచ్చే స్టాకు ఆ షాపు కార్డుల లెక్కనిబట్టి వస్తుంది. బయటి కార్డులకి ఇచ్చేస్తే, నెలాఖరులో సొంత కార్డువాళ్లు వచ్చి గొడవపడితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. పై స్థాయిలో సర్వర్లు బాగానే మాట్లాడుకుంటున్నాయి, కింద గోదాం నుంచి బస్తా కదలడం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రోమింగ్ జాతీయ ఆహార భద్రతా చట్టం కిందున్న కార్డులకే. రాష్ట్రం తన డబ్బుతో అదనంగా ఇచ్చిన కార్డు అయితే సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. రెండు కార్డులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తెలిసేది మెషిన్ మీద వేలు పెట్టాకే.

టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఇప్పటికీ ఒకటే. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయినా, విజయవాడ సిమ్ హైదరాబాద్‌లో ఒక్కరోజు కూడా రోమింగ్‌లోకి వెళ్లలేదు. సిమ్‌కి విభజన జరగలేదు, మనుషులకి జరిగింది.

చట్టం అడ్డుకాని రోజు

మనిషికి ఇలా రోమింగ్ ఇవ్వడానికి మొదటి అభ్యంతరం డబ్బు గురించి. ఒక రాష్ట్రం తన పన్నుల సొమ్ముతో ఇచ్చేది తన ప్రజలకే ఇవ్వాలి కదా, ఎక్కడెక్కడివాళ్లో వచ్చి వాడుకుంటే ఖజానా ఏం కావాలి అంటారు. మాటకి న్యాయంగానే ఉంది. నేనూ చాలాకాలం అలాగే అనుకునేవాణ్ని.

కానీ 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడ్డ వారంలోనే తెలంగాణ ప్రభుత్వం తన దగ్గరున్న వలస కూలీలకి మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తానంది. కార్డు ఏ రాష్ట్రానిదని చూడలేదు, అసలు కార్డుందా అనీ చూడలేదు. పంపిణీలో లోపాలుంటే ఉన్నాయి, అందరికీ అందకపోతే అందలేదు. అయినా అప్పటిదాకా కుదరదన్నది వారంలో ఎలా కుదిరింది? వాళ్లు వెళ్లిపోతే మెట్రో, ఫ్లైఓవర్, గచ్చిబౌలి టవర్లు ఎవరు కడతారన్న భయం ఒకటుంది. కారణం ఏదైనా, చెయ్యాలనుకుంటే ఎక్కడివాడివని అడగకుండా చెయ్యొచ్చని ఆ వారం తేలిపోయింది.

ఆ భయం నిజమే అయింది కూడా. మే 1న వలస కూలీల్ని ఊళ్లకి చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది బయల్దేరింది హైదరాబాద్ పక్కన లింగంపల్లి నుంచే. సుమారు 1,200 మంది కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకి వెళ్లింది. ఇటు మనవాళ్లు అటు ఇరుక్కున్నారు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చేపల వేటకి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మత్స్యకారులు పడవల్లోనే ఉండిపోయి, బస్సుల్లో తిరిగొచ్చేసరికి నెల దాటింది. వీళ్లంతా ఏళ్ల తరబడి అక్కడికి వెళ్తున్నవాళ్లే. వేరావల్ ఆర్థికంలో వాళ్ల చెమట ఉంది, వేరావల్ రిజిస్టర్లలో వాళ్ల పేరు లేదు.

ఎవరికి రోమింగ్ ఉంది

రోమింగ్ అందరికీ లేదనుకుంటే పొరపాటు. కొందరికి చక్కగా ఉంది. వాహనాల సంగతే చూడండి. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ చేసిన బండిని ఇంకో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచుకుంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చెయ్యాలి, మళ్లీ టాక్సు కట్టాలి, పాత రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఎన్‌ఓసీ, తెచ్చుకోవాలి. ఈ బాధ తప్పించడానికి 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చారు. ఆ నంబర్ ప్లేటుంటే దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు. అది ఎవరికిస్తారంటే సైన్యంలో ఉన్నవాళ్లకి, ప్రభుత్వ ఉద్యోగులకి, కనీసం నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేట్ కంపెనీల ఉద్యోగులకి. సెంట్రింగ్ మేస్త్రీ నాలుగు రాష్ట్రాల్లో పనిచేస్తాడు. కానీ ఆయన కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసు లేదు. అసలు కంపెనీయే లేదు. బదిలీ మీద వెళ్లేవాడి తిరుగుడుకి చట్టంలో గౌరవం ఉంది, పనిని వెతుక్కుంటూ వెళ్లేవాడి తిరుగుడుకి లేదు.

ఓటు ఇంకో రకం. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, లోక్‌సభ పోలింగు, అదేరోజు తెలంగాణలో లోక్‌సభ పోలింగు. ముందు రెండు రోజులూ విజయవాడ హైవే సంక్రాంతిలా కిక్కిరిసింది. ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది, హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా రాలేదు. ఇలాంటివి చూసి కొందరు మిత్రులు, వాళ్లకి ఊరంటే ప్రేమ, అందుకే ఓటు మార్చుకోరు, నువ్వు దాన్ని కష్టంగా చూపిస్తావేంటి అంటారు. మా తమ్ముడే అలా అంటాడు. వాడు ఇరవై ఏళ్లుగా మియాపూర్‌లో ఉంటూ ఊళ్లోనే ఓటేస్తాడు. ఊళ్లో పొలం ఉంది, సర్పంచ్ ఎవరో వాడికి ముఖ్యం, ఇక్కడ కార్పొరేటర్ ఎవరో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

వాడిది ఇష్టం, ఒప్పుకుంటాను. కానీ కారున్నవాడి ఇష్టం వేరు, కూలీ ఇష్టం వేరు. నలుగురున్న కుటుంబం హైదరాబాద్ నుంచి పలాస వెళ్లి రావాలంటే టికెట్లు, పోయిన కూలి రోజులు కలిపి ఎంతవుతుందో లెక్కేసుకోండి. అందుకే పార్టీలు బస్సులు పెడతాయి, టికెట్ డబ్బులు ఫోన్లో వేస్తాయి. ఈ ఓటు రోమింగ్ చార్జీ పార్టీ కడుతుందన్నమాట, కట్టినందుకు వసూలు కూడా చేసుకుంటుంది. ఎన్నికల సంఘం 2022 డిసెంబర్‌లో ఒక కొత్త యంత్రం గురించి చెప్పింది. ఒకే పోలింగ్ కేంద్రం నుంచి 72 నియోజకవర్గాల వరకు ఓట్లు వేయించవచ్చని. మరుసటి నెల పార్టీలకి చూపించబోతే చాలామంది వద్దన్నారు. వలస కూలీ అంటే ఎవరో ముందు నిర్వచించండి, వేరే రాష్ట్రంలో మా ఏజెంట్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలి, ప్రవర్తనా నియమావళి ఎవరు చూస్తారు అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే. వాటికి జవాబులు వెతకడం అక్కడే ఆగిపోవడం నాకు నచ్చలేదు.

ఇక్కడ మాత్రం కాదు

సరే, అన్నింటికీ రోమింగ్ ఇచ్చేద్దామా అంటే, లేదు. చదువు సీట్లు, ఉద్యోగాల దగ్గర నేను ఆగుతాను. మన దగ్గర స్థానికత అనేది ఎవరో క్లర్కు కనిపెట్టిన నిబంధన కాదు. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాలు, 1973లో ఆరు సూత్రాల పథకం, దాన్నుంచి రాజ్యాంగంలోకి వచ్చిన 371డి అధికరణం, 1974, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. వెనకబడ్డ ప్రాంతం పిల్లలకి వాళ్ల ప్రాంతంలోనే చోటు దొరకకుండా పోతోందన్న కడుపుమంటలోంచి వచ్చినవి. బాగా చదివించే స్తోమత ఉన్న ఊరి పిల్లలు ఎక్కడికంటే అక్కడికి వెళ్లి సీట్లు తీసుకుంటే దాన్ని స్వేచ్ఛ అనలేం. ఈ విషయంలో నాతో గొడవపడే హైదరాబాద్ మిత్రులూ ఉన్నారు, విజయవాడ మిత్రులూ ఉన్నారు, ఇద్దరి కారణాలూ వేరు.

అయితే ఆ నిబంధన లోపల ఒక సందు ఉంది. కాలేజీ సీట్లకైతే, అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగేళ్లు ఒకేచోట చదివితే స్థానికుడు. రాష్ట్రం లోపలే అటూఇటూ తిరిగిన పిల్లలకి ఏడేళ్ల లెక్క అని ఇంకో దారి ఉంది. కానీ తాపీపని చేసే తండ్రి వెంట తొమ్మిది హైదరాబాద్‌లో, పది పలాసలో, ఇంటర్ బెంగళూరులో చదివిన పిల్లకి ఏ దారీ లేదు. ఆ పిల్ల ఎక్కడా స్థానికురాలు కాదు. వెనకబడ్డవాళ్లని కాపాడాలని పెట్టిన గీత, అందరికంటే వెనకబడ్డ పిల్లని బయట నిలబెట్టింది.

అత్తారింటికి వెళ్లినవాళ్లు

ఇంతవరకు రాసింది చదివి మా ఆవిడ ఒక మాట అంది. "నువ్వు కూలీలు, మేస్త్రీలు అంటూ రాస్తున్నావు, ఈ దేశంలో ఎక్కువగా ఊరు మారేది ఎవరో మర్చిపోయావు."

నిజమే. 2011 జనాభా లెక్కల్లో పుట్టినచోటో, ముందున్నచోటో వదిలి వేరేచోట ఉంటున్నవాళ్లు 45 కోట్లు దాటారు. వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు, అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్లి. మేస్త్రీ కనీసం సంక్రాంతికి సొంత నెట్‌వర్క్‌లోకి వస్తాడు. పెళ్లయినావిడ సొంత నెట్‌వర్కే మారిపోతుంది, మారే మధ్యలో ఏదీ ఉండదు. పుట్టింటి కార్డులో పేరు తీసేయించుకుని రమ్మంటారు. తీసేయడం ఒక్కరోజు పని, అత్తింటి కార్డులో ఎక్కించడానికి ఏళ్లు పడుతుంది. తెలంగాణలో కొత్త కార్డులు, కొత్త పేర్లు చేర్చడం చాలా ఏళ్లు ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైంది. ఈలోపు పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు బడికి కూడా వెళ్లిపోయారు. మా ఆవిడ పిన్నికూతురు పరిస్థితి అదే. పుట్టింటి కార్డులో లేదు, అత్తింటి కార్డులో లేదు, ఆధార్‌లో ఇంటిపేరు ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి. సిమ్ కంపెనీ ఇలా చేస్తే ఊరుకుంటామా? నంబరు మార్చకుండా కంపెనీ మారేటప్పుడు కొత్తది మొదలయ్యేదాకా పాతది పనిచేస్తూనే ఉంటుంది. ఆ చిన్న మర్యాద సిమ్ కార్డుకి ఉంది, ఆడమనిషికి లేదు. కొత్తచోట పేరు ఎక్కాకే పాతచోట తీసేయడం అంత కష్టమైన పనా?

నాకు తేలని సంగతి

ఇప్పుడు నాకు మింగుడుపడనిదాని దగ్గరికి వస్తాను. రోమింగ్ పనిచెయ్యాలంటే నెట్‌వర్క్‌కి మనం ఎప్పుడు ఎక్కడున్నామో తెలియాలి. అతిథుల రిజిస్టర్ లేకుండా ఆతిథ్యం లేదు. ఫోను సరే. కూలీకి ఇదే ఏర్పాటు కావాలని అడగడమంటే, ఆయన ఏ ఊళ్లో దిగినా ప్రభుత్వం పుస్తకంలో వేలిముద్ర పడాలని అడగడమే.

మన దేశంలో తిరిగేవాళ్ల పేర్లు రాసుకున్న పుస్తకాల చరిత్ర మంచిది కాదు. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, 1911లో దాన్ని విస్తరించి మద్రాసు ప్రెసిడెన్సీ దాకా తెచ్చారు. ఎరుకలవాళ్లు ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం దెబ్బతిన్నాక, తిరగడమే వాళ్ల నేరమైంది. పేరు రిజిస్టర్ చెయ్యాలి, వేలిముద్ర వెయ్యాలి, హాజరు చెప్పాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టి నడిపించిన సెటిల్‌మెంటు అది. చట్టం 1952లో పోయింది, ఊరి పేరు చెబితే ఇప్పటికీ కొందరు జేబు తడుముకుంటారు. పేపర్లో నేరవార్తలు చూడండి, "అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అన్న మాట లేకుండా అరెస్టు జరగదు.

వేలిముద్ర మెషిన్ మీద బియ్యం తీసుకునేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ రెండూ కలిసి గుర్తొస్తాయి. ఒకటి ఆపడానికి తీసుకున్న ముద్ర, రెండోది పెట్టడానికి తీసుకుంటున్న ముద్ర. తేడా చాలా ఉంది. కానీ ముద్ర తీసుకునే చెయ్యి ఒకటే. రేపు దానికి ఏం బుద్ధి పుడుతుందో ఎవరు పూచీ?

మా ఆఫీసులో ఒక పెద్దాయన దీనికి తేలిగ్గా జవాబు చెప్పారు. జేబులో ఫోను పెట్టుకుని తిరిగేవాడు దాచుకునేదేముంది, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి కదా అని. నాకది జవాబుగా తోచలేదు. ఫోన్ ఆపెయ్యొచ్చు. బియ్యం మానెయ్యలేం.

ఇంకో సంగతి. రోమింగ్ అంటే సొంత నెట్‌వర్క్ ఒకటి ఉన్నట్టే లెక్క. అసలది లేనివాళ్లో? బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్లు, పూసలవాళ్లు, పిచ్చకుంట్లవాళ్లు. కుల ధ్రువపత్రానికి వెళ్తే మీ సొంతూరేది, మీ తాత ఏ ఊళ్లో ఉన్నాడు అని అడుగుతారు. తాత ఏ ఊళ్లోనూ లేడు, అన్ని ఊళ్లలోనూ ఉన్నాడు. ఎమ్మార్వో ఆఫీసు ఫారంలో ఆ జవాబు రాయడానికి గడి లేదు. సంచార జాతుల కోసం కేంద్రం వేసిన రేణకే కమిషన్ 2008లో, ఆ తర్వాత ఇదాతే కమిషన్, వీళ్ల గురించి నివేదికలు ఇచ్చాయి, కాగితాల్లేని బతుకుల సంగతి రాశాయి. నేను పైన చెప్పిన ఏర్పాట్లన్నీ రేపే వచ్చినా వీళ్లకి ఒక్కటీ అందదు. వీళ్లకి ముందు సొంత నెట్‌వర్క్ కావాలి, అది కూడా ఒకచోట కట్టిపడేసేది కాకూడదు. అదెలాగో నా దగ్గర సమాధానం లేదు.

ముందు చెయ్యగలిగింది

పెద్ద ప్రశ్నలు తేలేదాకా చిన్న పనులు ఆపక్కర్లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల నుంచి మొదలుపెట్టొచ్చు. 1996 చట్టాలతో మొదలైన పద్ధతిలో కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసి రాష్ట్ర బోర్డులో వేస్తారు. ప్రమాదంలో పోతే పరిహారం, కాన్పు ఖర్చు, పిల్ల పెళ్లికి సాయం లాంటివి ఆ డబ్బులోంచే. కోకాపేటలో లేచే ముప్పై అంతస్తుల టవరు సెస్సు తెలంగాణ బోర్డుకి వెళ్తుంది. దాని స్లాబు వేసిన శ్రీకాకుళం కూలీ పేరు, ఎక్కడైనా ఉంటే, ఆంధ్ర బోర్డులో ఉంటుంది. ఇక్కడ కొత్తగా పేరు రాయించుకుందామంటే ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినట్టు ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. కాంట్రాక్టరు సంతకం పెట్టడు, పెట్టేలోపు పని అయిపోయి ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. ఆయన చెమట మీద వసూలైన డబ్బు ఒక రాష్ట్రంలో, ఆయన కార్డు ఇంకో రాష్ట్రంలో.

ఖజానా ఏమవుతుందన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. ఇది సాధారణ పన్ను కాదు, ఆ పని మీదే, ఆ పనివాళ్ల కోసమే తీసుకున్న డబ్బు. పథకాల మొత్తాలు రెండు రాష్ట్రాల్లో వేరువేరుగా ఉంటాయి, ఏది వర్తించాలన్న తగువు వస్తుంది. ఎక్కడ కార్డుంటే అక్కడి రేటు అనుకుంటే సరిపోతుంది, సొంత సర్కిల్ ప్లానే ఎక్కడికెళ్లినా నడిచినట్టు. ఎన్ని రోజులు ఏ రాష్ట్రంలో పనిచేశాడో దాన్నిబట్టి బోర్డులు నెలాఖరుకో ఏడాది చివరికో లెక్క తేల్చుకోవాలి. రోజుల లెక్కకి సైటు దగ్గర హాజరు పట్టీ చాలు, అది ఎలాగూ మేస్త్రీ రాస్తూనే ఉంటాడు, కూలి లెక్క చూడాలి కాబట్టి.

దీనికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు. బియ్యం విషయంలో ఆరోజు దేశంలో మొదట అడుగేసిన నాలుగు రాష్ట్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న రెండు బోర్డుల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒకరి కార్డు ఒకరు గుర్తించేలా ఒప్పందం రాసుకుంటే మొదలవుతుంది. ప్రమాద పరిహారం ఒక్కదానితో మొదలుపెట్టినా చాలు. స్లాబు మీదనుంచి పడ్డవాడి ఇంటివాళ్లు శవాన్ని ఊరికి తీసుకెళ్లే ఏర్పాట్లలో ఉండగా, ఏ బోర్డు కార్డు అని అడిగే పరిస్థితి ముందు పోవాలి.